యుద్ధం వస్తే జూ తలుపులు తీసేయవచ్చు కదా?

మీ ప్రశ్న ఇదీ: యుద్ధం వచ్చి, మేత అందక, బాంబులు పడుతుంటే జూలో జంతువులను బోనుల్లోనే ఉంచి చావనివ్వడం ఎందుకు? తలుపులు తీసేస్తే ఒక్కరోజైనా స్వేచ్ఛగా బతుకుతాయి కదా? ఉక్రెయిన్ జూల వీడియోలు చూసినప్పటి నుంచి ఈ ఆలోచన వదలడం లేదని కూడా రాశారు. అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. కుక్కలు, పశువులు, గుర్రాలు, ఎగరగలిగిన స్థానిక పక్షులు అయితే కట్లు విప్పెయ్యాలి, తలుపులు తీసెయ్యాలి. సింహం, పులి, ఎలుగుబంటి, చింపాంజీ అయితే తియ్యకూడదు. తీస్తే వాటికి దొరికేది స్వేచ్ఛ కాదు. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ఎవరి తుపాకీకో బలైపోతాయి. ఆ లోపు అవి ఎవరినైనా చంపవచ్చు కూడా.

నేను పశువైద్యుడిని. ఉద్యోగంలో ఎక్కువ కాలం జూలోనూ, సర్కస్ నుంచి తెచ్చిన జంతువులను ఉంచే కేంద్రంలోనూ గడిచింది. యుద్ధం కళ్ళారా చూడలేదు, పెద్ద తుపానులు చూశాను. గోడ కూలి, కరెంటు పోయి, మాంసం లారీ రాని రాత్రి మాకు వచ్చే కష్టాలూ యుద్ధంలో ఉన్న జూ వాళ్ళకు వచ్చే కష్టాలూ చాలావరకు ఒకటే. అందుకే ఆ దేశాల్లో పనిచేసినవాళ్ళ అనుభవాలు శ్రద్ధగా చదువుతూ వచ్చాను.

మీరు ఊహిస్తున్నది నిజంగానే జరిగిన చోటు బాగ్దాద్. 2003 ఏప్రిల్‌లో అమెరికా సేనలు నగరంలోకి వచ్చేటప్పటికి అక్కడి జూలో దాదాపు 650 జంతువులు ఉండేవి. సిబ్బంది ప్రాణభయంతో వెళ్ళిపోయారు. లూటీ చేసేవాళ్ళు వచ్చి పక్షులను, కోతులను, జింకలను ఎత్తుకెళ్ళారు. కొన్నిటిని తినడానికి, కొన్నిటిని అమ్ముకోవడానికి. చివరికి మిగిలినవి 35 దాకా. అవి కూడా ఎవరూ ఎత్తుకుపోలేని సింహాలు, పులులు, ఎలుగుబంట్లు. బయటపడ్డ సింహాల్లో నాలుగింటిని సైనికులు కాల్చేశారు. ఆకలితో ఉన్న సింహం నగరం వీధిలో ఎదురైతే సైనికుడు ఇంకేం చేస్తాడు? ఆ సైనికుణ్ణి నేను తప్పుపట్టను. ఆ తర్వాత లారెన్స్ ఆంథనీ అనే దక్షిణాఫ్రికా పరిరక్షకుడు కువైట్ నుంచి లోపలికి వెళ్ళి, తిరిగి వచ్చిన ఇరాకీ సిబ్బందితో కలిసి ఆ మిగిలినవాటిని బతికించాడు. బకెట్లతో నీళ్ళు మోశారు, గాడిదలను కొని సింహాలకు వేశారు. ఆ 35 బతికాయంటే కారణం బోను గట్టిగా ఉండటమూ, మనిషి తిరిగి రావడమూ.

బోనులో పెరిగిన సింహం అడవి సింహంలా ఎందుకు బతకలేదని చాలామంది అడుగుతారు. వేట రాదు కాబట్టి అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. అసలు ప్రమాదం ఏమిటంటే దానికి మనిషంటే భయం ఉండదు. అడవిలో పుట్టింది మనిషి వాసన తగిలితే పక్కకు తప్పుకుంటుంది. జూలో పుట్టినదానికి మనిషి అంటే తిండి తెచ్చేవాడు. ఆకలేస్తే మన వైపే వస్తుంది, ఇళ్ళ వైపే వస్తుంది.

సర్కస్‌లో సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి ఆడించకూడదని 1998లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలా బయటికి వచ్చిన సింహాలు, పులులు విశాఖపట్నం, తిరుపతి లాంటి చోట్ల పెట్టిన కేంద్రాలకు చేరాయి. వాటిలో చాలా సింహాలు ఆసియా, ఆఫ్రికా రక్తాలు కలిసినవి. అడవిలో వదలడానికి లేదు, సంతతిని పెంచడానికీ లేదు. మిగిలిన బతుకు ప్రశాంతంగా గడిచేలా చూడటమే అక్కడ మా పని.

అలాంటి ఒక ఆడ సింహం నాకు బాగా గుర్తు. సర్కస్ బండి బోనులోనే పుట్టి పెరిగింది. గోళ్ళు అరగక లోపలికి వంకర తిరిగి అరికాలి మెత్తలోకి దిగాయి. మత్తిచ్చి వాటిని కత్తిరించి, పుండ్లు మానాక, రాత్రి ఉంచే గది నుంచి చెట్లూ గడ్డీ ఉన్న పెద్ద ఎన్‌క్లోజర్‌లోకి తలుపు ఎత్తాం. అది రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి ముందు కాలు బయట పెట్టింది. గడ్డి తడి తగలగానే కాలు వెనక్కి లాక్కుని పిల్లి విదిలించినట్టు విదిలించింది. మాంసం బయట పెడితే మెడ చాపి అందుకుని లోపలికి పోయేది. మా కీపరు ఒకాయన రోజూ పొద్దున్నే అవతలి కంచె దగ్గర కూర్చుని "రావే తల్లీ, రా" అని పిలిచేవాడు. "దానికి గుమ్మం అంటే ఏంటో తెలీదు సార్, దెబ్బ పడే చోటు అనుకుంటోంది" అనేవాడు. చాలా వారాలకు బయటికి వచ్చింది. వచ్చాక కూడా గోడ వారగా, పాత బండి బోను ఎంత పొడవుందో అంతే దూరం నడిచి, వెనక్కి తిరిగి, మళ్ళీ అంతే నడిచేది. ఎదురుగా అంత చోటు ఉన్నా కంటికి కనపడని బోను దాని కాళ్ళలోనే ఉండిపోయింది. చెట్టుకు గోళ్ళు గీసుకోవడం, ఎండలో వెల్లకిలా పడుకోవడం లాంటివి నేర్చుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆ సింహాన్ని చూశాక స్వేచ్ఛ గురించి నా అభిప్రాయం స్థిరపడింది. జంతువుకు స్వేచ్ఛ అంటే తలుపు తెరిచి ఉండటం కాదు, తన జాతి స్వభావం ప్రకారం బతికే వీలు ఉండటం. తినడానికి తిండి, దాక్కోవడానికి చోటు, ఇష్టం లేకపోతే తప్పుకుని వెళ్ళే దారి, భయం లేని నిద్ర. పశు సంక్షేమంలో దీన్నే ఐదు స్వేచ్ఛలు అంటాం. ఆకలిదప్పులు లేకపోవడం, అసౌకర్యం లేకపోవడం, నొప్పీ గాయమూ జబ్బూ లేకపోవడం, భయమూ వేదనా లేకపోవడం, సహజ ప్రవర్తనకు వీలుండటం. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ నివేదికతో మొదలైన ఆలోచన ఇది. మన సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు తీర్పులో ఈ ఐదింటినీ ప్రస్తావించింది. యుద్ధం ఈ ఐదింటినీ ఒకేసారి లాక్కుంటుంది. తలుపు తీసినంత మాత్రాన ఒక్కటీ తిరిగి రాదు.

అన్ని జంతువుల సంగతీ ఇది కాదు. ఉక్రెయిన్‌లో బొరోద్యాంక అనే ఊళ్ళో ఒక కుక్కల షెల్టర్ ఉండేది. 2022 మార్చిలో ఆ ఊరు యుద్ధంలో చిక్కుకుంది. 485 కుక్కలు తాళాలు వేసిన బోనుల్లో ఉండిపోయాయి. వాలంటీర్లు లోపలికి వెళ్ళగలిగేసరికి 222 చచ్చిపోయి ఉన్నాయి, తిండీ నీళ్ళూ లేక. అక్కడ మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. తలుపు తీసి ఉంటే వాటిలో చాలా బతికేవి. కుక్క మనుషుల మధ్య ఏరుకుని తిని బతకగలదు, నీళ్ళు వెతుక్కోగలదు, శబ్దానికి పారిపోగలదు. వెళ్ళిపోక తప్పనివాళ్ళు తాళం తీసి వెళ్ళాలి.

2023 జూన్‌లో కఖోవ్కా డ్యామ్ తెగినప్పుడు నోవా కఖోవ్కాలో చిన్న జూ ఒకటి మునిగిపోయింది. దాదాపు 300 జంతువులు చచ్చిపోయాయి, హంసలూ బాతులూ మాత్రం బయటపడ్డాయి.

నీళ్ళు ముంచెత్తేటప్పుడు కట్లు విప్పాలన్న సంగతి మన తీరప్రాంత రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 దివిసీమ ఉప్పెనలో పశువులు లెక్కలేనన్ని పోయాయి. తుపాను హెచ్చరిక వస్తే పశువుల పలుపులు విప్పి మెరక మీదికి తోలమని పశుసంవర్ధక శాఖ వాళ్ళం ఇప్పటికీ మొదట చెప్పే మాట అదే. గుంజకు కట్టేసిన గేదె ఈదగలిగి కూడా మునిగిపోతుంది.

జింకల సంగతి వేరు, మధ్యలో ఉంటాయి. బయట వదిలితే మేత తినగలవు. కానీ పేలుడు శబ్దానికి బెదిరి కంచెకు గుద్దుకుంటాయి, మెడలు విరుగుతాయి. పైకి దెబ్బ ఏమీ తగలకపోయినా, విపరీతంగా బెదిరి పరుగెత్తిన జింక కండరాలు లోపల కరిగిపోతాయి. దీన్ని క్యాప్చర్ మయోపతి అంటారు. మూత్రం ముదురు రంగులో వస్తుంది, కాళ్ళు బిగుసుకుపోతాయి, కొన్ని గంటల్లోనో కొన్ని రోజుల్లోనో చచ్చిపోతుంది. దీపావళి రాత్రి జూ చుట్టుపక్కల టపాసులు కాలిస్తేనే మాకు టెన్షన్, మర్నాడు పొద్దున్నే జింకల ఎన్‌క్లోజర్ చుట్టూ తిరిగి చూసేవాళ్ళం. ఇక ఫిరంగుల సంగతి మీరే ఆలోచించండి. వాటికి చేయగలిగింది కంచె వెంట గోనెపట్టాలు కట్టి చాటు చేయడం, రాత్రి లోపలికి మళ్ళించడం, దగ్గరికి పోయి ఇంకా బెదరగొట్టకుండా ఉండటం.

మీరు అడగలేదు కానీ ఇది చెప్పకపోతే జవాబు పూర్తి కాదు. తలుపు తీయడానికీ బోనులోనే వదిలేయడానికీ తోడు మూడో దారి ఒకటి ఉంది, ప్రభుత్వాలకు అది బాగా అలవాటు. ముందే చంపేయడం. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పుడు మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ భయంలోనే మద్రాసు జూలో సింహాలను, పులులను, చిరుతలను మలబార్ స్పెషల్ పోలీసుల చేత కాల్పించారు. బాంబు పడితే అవి ఊరి మీద పడతాయన్నది కారణం.

టోక్యోలో జరిగినది ఇంకా ఘోరం. 1943 ఆగస్టులో నగర గవర్నరు ఊఎనో జూలో ప్రమాదకరమైన జంతువులను చంపమని ఆదేశించాడు. అప్పటికి టోక్యో మీద భారీ బాంబుదాడులు మొదలే కాలేదు, అవి మొదలైంది 1944 చివర్లో. అంటే అవసరం వచ్చి చేసిన పని కాదు. పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో జనానికి తెలియాలని చేసిన పని అని చరిత్రకారులు రాశారు. ఏనుగులు జాన్, టాంకీ, వాన్లీ విషం పెట్టిన బంగాళాదుంపలు తినలేదు. ఇంజెక్షన్ చేద్దామంటే సూదులు చర్మంలోకి దిగలేదు. తిండి మానిపించారు. టాంకీ కీపరు కనపడినప్పుడల్లా నేర్పిన విన్యాసాలు చేసి చూపించేది, చేస్తే తిండి పెడతారు కదా అని. చనిపోయిన జంతువుల కోసం సెప్టెంబరు 4న సంస్మరణ సభ పెట్టారు. సభ జరుగుతున్నప్పుడు వాన్లీ, టాంకీ ఇంకా బతికే ఉన్నాయి, తెర చాటున. అదే కాలంలో నగోయాలో హిగషియామా జూ డైరెక్టర్ ఎంత ఒత్తిడి వచ్చినా పట్టుబట్టి మకానీ, ఎల్డో అనే రెండు ఏనుగులను కాపాడాడు. యుద్ధం అయ్యాక వాటిని చూడటానికి పిల్లలు ప్రత్యేక రైళ్ళలో వచ్చారు. టోక్యో పిల్లలు తమకూ ఏనుగు కావాలని కోరితే 1949లో నెహ్రూ మైసూరు నుంచి ఇందిర అనే ఏనుగును పంపారు.

ఒక వృత్తివాడిగా నాకు ఊఎనో చెప్పేది ఇది. "ప్రజల భద్రత" అని ఎవరైనా ఆర్డరు పట్టుకొస్తే, ప్రమాదం ఎంత దూరంలో ఉంది, తలుపులు ఎంత గట్టిగా ఉన్నాయి, మేత ఎన్ని రోజులకు ఉంది అని అడిగే మనిషి అక్కడ ఒకడు ఉండాలి. నగోయాలో ఉన్నాడు.

మరి తలుపు తియ్యకూడదు, చంపకూడదు అంటే ఏం చెయ్యాలి? మనిషి అక్కడ ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యాలోని లెనిన్‌గ్రాద్ నగరాన్ని జర్మన్లు ముట్టడించినప్పుడు అక్కడి జూలో క్రసావిత్స అనే నీటి ఏనుగు (హిప్పో) ఉండేది. నీళ్ళు లేకపోతే దాని చర్మం పగిలి రక్తం కారుతుంది. పైపులు పనిచేయడం ఆగిపోయాయి. యెవ్దొకియా దాషినా అనే ఉద్యోగిని నెవా నది నుంచి స్లెడ్జి బండి మీద రోజూ నీళ్ళు లాక్కొచ్చి, గోరువెచ్చగా చేసి ఒళ్ళు తుడిచేది, కర్పూరం కలిపిన కొవ్వు రాసేది. మేతలో ఎక్కువ భాగం ఉడకబెట్టిన రంపపు పొట్టు. కడుపు నిండిన భ్రమ కోసం అన్నమాట. నగరంలో లక్షలమంది ఆకలితో చనిపోయిన ఆ ముట్టడిని క్రసావిత్స దాటింది. బాంబులు పడేటప్పుడు దాషినా దాన్ని పట్టుకుని పక్కనే పడుకునేదట.

బెల్‌ఫాస్ట్‌లో 1941 బాంబుదాడుల కాలంలో డెనీస్ ఆస్టిన్ అనే మహిళా కీపరు షీలా అనే గున్న ఏనుగును సాయంత్రం తన ఇంటి పెరట్లోకి నడిపించుకుపోయి, పొద్దున్నే తిరిగి తెచ్చేది. నడిపించుకుపోగలిగే జంతువును, మాట వినే మావటి ఉన్న ఏనుగును, ఊరు దాటించడమే ఉత్తమం. తాళం తీసి వదిలేయడం వేరు, చేయి పట్టుకుని తీసుకెళ్ళడం వేరు.

బోస్నియా రాజధాని సరాయెవోలో ఈ అవకాశం లేకపోయింది. జూ సరిగ్గా కాల్పుల రేఖ మీద పడింది. స్నైపర్ల మధ్య మేత తీసుకెళ్ళడానికి ప్రయత్నించారు, చివరికి కుదరలేదు. జంతువులన్నీ పోగా 1992లో ఆఖరుగా ఒక ఎలుగుబంటి మిగిలింది, అదీ పోయింది. అలాంటి స్థితిలో ఇంకే దారీ లేకపోతే, నిపుణుడి చేతుల మీదుగా నొప్పి లేని మరణం ఇవ్వడం దయ అని నేను నమ్ముతాను. అది ఆఖరి మెట్టు, మొదటిది కాదు.

మీరు చూసిన వీడియోల్లో చిచీ అనే చింపాంజీ కూడా ఉండే ఉంటుంది. ఖార్కివ్ దగ్గర ఫెల్డ్‌మన్ ఎకోపార్కు అనే జూ మీద ఫిరంగి దాడులు జరిగాయి, సిబ్బందిలో, వాలంటీర్లలో కొందరు జంతువులను తరలిస్తూ చనిపోయారు. అక్కడి నుంచి నగరం జూకు చేర్చిన చిచీ 2022 సెప్టెంబరులో బయటికి వచ్చి వీధుల్లో తిరిగింది. జూలో పనిచేసే ఒకామె దగ్గరికి వెళ్ళి మాట్లాడుతుంటే చిచీ వినలేదు. వాన మొదలవగానే తనే పరుగెత్తుకొచ్చింది. ఆమె తన పసుపు రంగు కోటు దానికి తొడిగి, కౌగిలించుకుని, సైకిలు మీద కూర్చోబెట్టుకుని వెనక్కి తీసుకెళ్ళింది. దీన్ని చూసి కొందరు "చూశారా, దానికి బోనే ఇష్టం" అన్నారు. నేను ఒప్పుకోను. దానికి తెలిసిన ఆశ్రయం అదొక్కటే, తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అడవిని చూసి ఎంచుకునే అవకాశం చిచీకి ఎవరూ ఏనాడూ ఇవ్వలేదు.

"ఎందుకు ముందే తరలించరు?" అని మీ తర్వాతి ప్రశ్న వస్తుంది. పెద్ద జంతువును క్రేటులోకి, అంటే తరలించే పెట్టెలోకి, అలవాటు చేయడానికే వారాలు పడుతుంది. మత్తిచ్చి ఎక్కిద్దామంటే, చిక్కిపోయిన జంతువు మత్తులోనే పోవచ్చు. దారిలో చెక్‌పోస్టులు. ఇరాక్‌లో మోసుల్ జూలో బతికి మిగిలినవి సింబా అనే సింహం, లూలా అనే ఎలుగుబంటి, రెండే. 2017లో ఫోర్ పాస్ అనే జంతు సంక్షేమ సంస్థ పశువైద్యుడు అమీర్ ఖలీల్ బృందం వాటిని బయటికి తీసుకురావడానికి వెళితే చెక్‌పోస్టు దగ్గర రోజుల తరబడి ఆపేశారు. చివరికి రెండూ జోర్డాన్ చేరాయి. యుద్ధం అయ్యాక కూడా అలాంటివాటిని అడవిలో వదలరు, విశాలమైన సంరక్షణ కేంద్రంలో ఉంచుతారు. సింబా తర్వాత దక్షిణాఫ్రికాలోని అలాంటి చోటికే వెళ్ళింది.

అందుకే నా దృష్టిలో జంతువు స్వేచ్ఛ తేలేది శాంతికాలంలో. కాపాడలేనన్ని జంతువులను, సరదా కోసం పులిపిల్లలను, వీధికొక మినీ జూను పెట్టుకున్న చోట యుద్ధం వస్తే చావులే మిగులుతాయి. ఫ్లడ్‌లైట్లు, సెల్ఫీ పాయింట్ల మీద పెట్టే డబ్బు ముందు జనరేటర్ డీజిలు మీద, నెలరోజుల ఎండుగడ్డి మీద, క్రేట్ల మీద, కీపర్ల ఇన్సూరెన్సు మీద పెట్టమని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రతి సమావేశంలో అడిగేవాణ్ణి, ఇప్పటికీ అడుగుతాను. పశ్చిమ గోదావరి నుంచి ఉక్రెయిన్ వెళ్ళిన ఒక తెలుగు డాక్టరు తాను పెంచుకున్న జాగ్వార్‌నూ నల్ల చిరుతనూ వదిలి రానని 2022లో అక్కడే ఆగిపోయిన వార్త మీరు చూసే ఉంటారు. ఆయన ప్రేమను నేను శంకించను. కానీ పెద్దపిల్లిని ఇంట్లో పెంచకండి. యుద్ధం వచ్చినప్పుడు దానికి పోవడానికి చోటు ఉండదు, మీకూ ఉండదు.

ఆఖరుగా, విదేశాల్లో చదువుకుంటూ కుక్కనో పిల్లినో పెంచుకుంటున్న మన పిల్లల కోసం ఒక మాట. 2022లో ఉక్రెయిన్ నుంచి వచ్చే విద్యార్థులు పెంపుడు జంతువులను తెచ్చుకోవడానికి మన ప్రభుత్వం నిబంధనలు సడలించింది, కొందరు తెచ్చుకున్నారు. ప్రతిసారీ అలా సడలిస్తారని నమ్ముకోకండి. మైక్రోచిప్ వేయించండి, రేబీస్ టీకా గడువు దాటనివ్వకండి, టీకా పుస్తకం పాస్‌పోర్టుతో పాటే పెట్టండి. విమానంలో తీసుకెళ్ళే సైజు బుట్టను ఇంట్లోనే మూత తీసి ఉంచి, అందులో పడుకోవడం అలవాటు చేయండి. బయలుదేరాల్సిన రాత్రి దాన్ని వెతుక్కుంటూ మంచం కింద దూరాల్సిన పని ఉండదు. ఏ జంతువు, ఏ దేశం అన్నది రాస్తే కావలసిన కాగితాలేమిటో విడిగా చెప్తాను.